పన్నెండింటి దాకా ఆగమన్న డాక్టరుగారు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, చెవి మాత్రం ఇటు పెట్టండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

పోయిన వారం మా అమ్మాయి రమ్య మొక్కల దుకాణం నుంచి ప్యాన్సీ నారు తెచ్చింది. కారు డిక్కీ నిండా ఊదావి, పసుపువి, తెల్లవి. "ఇవెందుకే, ఎదురింట్లో ఏటా ఉంటాయిగా?" అన్నాను. దించుతున్న ట్రే కింద పెట్టి నావైపు తిరిగింది.

"అంకుల్ పోయారమ్మా. డల్లాస్‌లో, మేనల్లుడి ఇంట్లో. పొద్దున ఫోన్ వచ్చింది. నీకెలా చెప్పాలో తెలీక ముందు షాపుకెళ్ళాను."

నారు నీడన పెట్టి నీళ్ళు చల్లి లోపలికి వచ్చాం.

ఆయన పేరు ఇక్కడ చెప్పను. తన పేరు నలుగురిలో వినపడితేనే భుజాలు ముడుచుకునే మనిషి. అమెరికాలో ఈ బెంటన్‌విల్ ఊళ్ళో మా వీధి తెలుగువాళ్ళందరికీ ఆయన డాక్టర్ అంకుల్. నాకు డాక్టరుగారు. ఆయనకి నేను చెల్లెమ్మని. అంతకు మించి చుట్టరికం ఏమీ లేదు.

ఆయన మత్తు డాక్టరు. ఆపరేషనుకి ముందు మనిషిని నిద్రపుచ్చి, మళ్ళీ కళ్ళు తెరిచేదాకా తలదగ్గర కూర్చునే డాక్టరు. "కోసినవాడికి దండం పెడతారు, కుట్టినవాడికి దండం పెడతారు. నాకు మటుకు ఒక స్టూలు వేస్తారు" అనేవారు. రిటైరయ్యాక ఆ అలవాటు పోలేదు. వాకిట్లో పూలమడి ముందు ఒక ఇనప స్టూలు వేసుకుని, స్టీలు గ్లాసులో కాఫీ పెట్టుకుని కూర్చునేవారు. ఆ కాఫీ నేనొకసారి తాగాను. ఆయన్ని అంతగా గౌరవించేదాన్ని కాబట్టి మింగాను. తలకి కోతిటోపీ, మెడ చుట్టూ భార్య పాత శాలువ, చేతికి వాచీ. ఆ వాచీ ముఖం మణికట్టు లోపలివైపు ఉండేది. నాడి పట్టుకుని చూసేవాళ్ళకి అలా ఉంటే వీలట.

ప్యాన్సీ అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. జానెడు ఎత్తు మొక్క. అయిదు రెక్కల పువ్వు, మధ్యలో నల్లటి మచ్చ. దూరం నుంచి చూస్తే మూతి ముడిచిన పిల్లి మొహంలా ఉంటుంది. మన బంతీ కనకాంబరమూ ఎండకి పుట్టినవైతే ఇది చలికి పుట్టింది. అక్టోబరులో నాటితే వేళ్ళు ఊనుకుని చలికాలమంతా ఉంటుంది, వేసవి ముదిరితే పోతుంది. నేల గడ్డకట్టే రోజున దీని ఆకులు బూడిద రంగుకి తిరిగి, ఉడికించి వార్చిన తోటకూరలా నేలకంటుకుపోతాయి. ఎవరు చూసినా పోయిందనే అంటారు. ఎండ తగిలాక ఒక్కొక్కటీ మెడ ఎత్తుతుంది.

ఆయన వాటిని పేషంట్లు అనేవారు. చలి బాగా కొట్టిన మర్నాడు స్టూలు మీద కూర్చుని, వాచీ చూసుకుంటూ, "ఆ మూల తెల్లది పదీ నలభైకి లేచింది. దాని పక్కది ఇంకా మత్తులో ఉంది" అనేవారు. వీధిన పోయే అమెరికావాళ్ళు ఆగి, "అయ్యో, అన్నీ చచ్చిపోయాయా?" అని ఇంగ్లీషులో జాలిపడితే, వాచీ మీద వేలితో పన్నెండంకె చూపించేవారు. నాతో అయితే తెలుగులో చెప్పేవారు:

"పన్నెండింటి దాకా ఎవర్నీ పోయారనకూడదు చెల్లెమ్మా."

ఆయనతో నాకు మాట కలిసింది ఒక తగవుతో. ఆరేళ్ళ కిందట మా రమ్యకి పురుడు పోయడానికి నేను మొదటిసారి ఈ దేశం వచ్చాను. అది కార్తీకమాసం. దేవుడికి తెల్లవారకుండా పూలు కోయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. తల స్నానం చేసి, శాలువ కప్పుకుని, పళ్ళెం పట్టుకుని ఎదురింటి మడి దగ్గరికి వెళ్ళాను. ఎదురింటివారు తెలుగువాళ్ళని తెలుసు, నాలుగు పూలకి ఏమంటారులే అనుకున్నాను. ఆకుల మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా మంచుపొడి ఉంది. వంగి ఒక పువ్వు పట్టుకున్నానో లేదో లోపల్నుంచి కిటికీ అద్దం టకటకా మోగింది.

"ముట్టుకోకు! చెయ్యి తీసెయ్!"

కోతిటోపీ పెట్టుకుంటూ, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి మేజోడుతో బయటికి వచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"పూజకండీ, నాలుగే నాలుగు..." అన్నాను.

"నలభై కోసుకో తల్లీ, ఎవరు వద్దన్నారు? కోసినకొద్దీ పూస్తాయి ఇవి. కానీ మంచు మీదున్నప్పుడు చెయ్యి పెట్టకూడదు. ఇదుగో చూడు." నేను పట్టుకున్న ఆకు చూపించారు. "రేపటికి నీ వేలిగుర్తు నల్లగా తేలుతుంది దీని మీద. ఎనిమిదిన్నర దాటాక రా."

"దేవుడు అప్పటిదాకా ఆగుతాడా బాబూ?"

"ఇక్కడికొచ్చిన దేవుడు ఇక్కడి గడియారం చూసుకుని, సెంట్రల్ టైములో లేస్తాడు. నువ్వు కంగారుపడకు."

మర్నాడు వెళ్ళి చూస్తే నిజంగానే వేలిగుర్తు ఉంది, నల్లగా. ఆ రోజు నుంచీ నా పూజ తొమ్మిదింటికి. ఆయన స్వయంగా కోసిపెట్టేవారు. బొటనవేలి గోటితో తొడిమ దగ్గర చిన్నగా గిల్లేవారు, నశ్యం పట్టినట్టు. వాడినవి ఒక జేబులో, పూజకిచ్చేవి ఒక చేతిలో. వాడినవి వదిలేస్తే మొక్క గింజ కట్టుకుని పూయడం మానేస్తుందని ఆయనే చెప్పారు. చలి వస్తుందంటే ముందురోజు మధ్యాహ్నం నీళ్ళు పెట్టాలనీ, తడి నేల వెచ్చదనాన్ని దాచుకుంటుందనీ చెప్పారు. ప్లాస్టిక్ షీటు కప్పితే అది తగిలినచోటల్లా ఆకు మాడుతుందట. పైన్ చెట్ల ఎండుటాకులు కప్పాలి, సూదుల్లా ఉంటాయే, అవి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ ఎవరైనా ఒకసారి చెప్పింది నాకు పోదు.

ఇప్పుడు చెప్పక తప్పని సంగతికి వస్తాను.

డిసెంబరు మొదట్లో, నెలలు నిండుతుండగా, కడుపులో బిడ్డ కదలడం లేదని రమ్య ఒకరోజు పొద్దున్నే లేచి చెప్పింది. హాస్పిటల్‌కి పరుగెత్తాం. కోసి తీశారు. మగపిల్లవాడు. ఊపిరి లేదు.

వాణ్ణి తెల్లటి గుడ్డలో చుట్టి నర్సు తెచ్చింది. అల్లుడు ఒకసారి చూసి గోడవైపు తిరిగిపోయాడు. నేను చూశాను. రమ్యకి తెలివి వచ్చాక ఆ నర్సు మంచం దగ్గరికి వచ్చి, బిడ్డను తీసుకురానా అని మూడుసార్లు అడిగింది. నాకు ఇంగ్లీషు రాదు కానీ ఆ మాట అర్థమైంది. రమ్య నా మొహంలోకి చూసింది. నేను దాని చెయ్యి పట్టుకుని, "వద్దు తల్లీ. చూస్తే మరిచిపోలేవు. మనలో చూడరు" అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. నర్సు వెళ్ళిపోయింది.

రమ్యని ఇంటికి తెచ్చేలోపు ఉయ్యాలా బట్టలూ అన్నీ అల్లుడిచేత తీయించేశాను. మా అమ్మ అలాగే చేసేది, మా అత్తగారూ అలాగే చేసేది. నాకు తెలిసిన మంచి అదే.

రమ్య మంచం దిగలేదు. తిండి లేదు, మాట లేదు, ఏడుపు కూడా లేదు. నేనా, ఊరుకునే రకం కాదు. లేమ్మా, నీళ్ళు పోసుకోమ్మా, వచ్చే ఏటికి బంగారంలాంటి బిడ్డ పుడతాడమ్మా, ఫలానావాళ్ళకి ముగ్గురు పోయారు తెలుసా, అని పొద్దున్నించి సాయంత్రం దాకా దాని చెవిలో పోస్తూనే ఉన్నాను. ఊళ్ళో వాళ్ళందరినీ వీడియో కాల్‌లో తెచ్చి దాని మొహం ముందు పెట్టాను. ఒకరోజు అది గోడవైపు తిరిగి పడుకుని, నా గొంతు వినపడగానే దుప్పటి తల మీదికి లాక్కుంది. అల్లుడు నెమ్మదిగా, "అత్తయ్యా, కాస్త స్పేస్ ఇద్దామా?" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. నా కూతురికీ నాకూ మధ్య స్పేసేమిటి?

అది జరుగుతుండగానే డాక్టరుగారు కంటి ఆపరేషనుకని మూడు రోజులు డల్లాస్ వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ మడి నాకప్పగించారు.

"గట్టి చలి వస్తోంది చెల్లెమ్మా. రేపు తెల్లవారేసరికి పదిహేను డిగ్రీలట."

"పదిహేనే కదండీ? మా ఊళ్ళో పదిహేనంటే దుప్పటి కప్పుకుంటే చాలు."

"మీ ఊరి డిగ్రీ వేరు, ఇక్కడి డిగ్రీ వేరు. ఇక్కడ ముప్ఫై రెండుకే నీళ్ళు గడ్డకడతాయి. సాయంత్రం ఎండుటాకులు కప్పు. ఎండ ఎక్కాక తియ్యి. మధ్యలో ముట్టుకోకు. ఇంకేం చెయ్యకు. నీకు ఏమీ చెయ్యకుండా ఉండటం చాతకాదని నాకు తెలుసు, అందుకే రెండుసార్లు చెబుతున్నా."

చెప్పినట్టే కప్పాను. మర్నాడు పొద్దున రమ్య గదిలోకి పాలు తీసుకెళ్ళాను. గ్లాసు చేత్తో పక్కకి నెట్టింది, పాలు ఒలికాయి. నేను విసవిసా బయటికి వచ్చేశాను. ఎదురింటి మడి దగ్గరికి వెళ్ళి ఎండుటాకులు లాగి చూశాను. అన్నీ నేలకి అంటుకుని బూడిదగా పడి ఉన్నాయి. ముట్టుకుంటే ఆకు గాజుముక్కలా ఉంది. పన్నెండు దాకా ఆగమన్న మాట నాకు గుర్తుంది. గుర్తుండీ ఆగలేకపోయాను. నా కళ్ళముందు ఇంకొకటి పోతుంటే చూస్తూ నిలబడడం నావల్ల కాలేదు. మా ఇంటికి పోయి గోరువెచ్చగా నీళ్ళు కాచి, బకెట్టుతో తెచ్చి, చంటిపిల్లకి పోసినట్టు వరుసగా పోసుకుంటూ వచ్చాను.

అవి లేచాయి! అయిదు నిమిషాల్లో ఆకు మెత్తబడి పచ్చగా తిరిగింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నీళ్ళు రెండు వరుసలకే సరిపోయాయి. మళ్ళీ కాచేలోపు అల్లుడు పిలిచాడని వెళ్ళి మిగతావాటి సంగతి మరిచిపోయాను.

సాయంత్రానికి మళ్ళీ చలి దిగింది. మర్నాడు చూస్తే నేను నీళ్ళు పోసిన రెండు వరుసలూ ఐసు అద్దంలో బిగిసిపోయి ఉన్నాయి. ఎండకి ఐసు కరిగింది, మొక్కలు లేవలేదు. మూడో రోజుకి నల్లబడి జిగురుగా అయిపోయాయి. నేను మరిచిపోయిన వరుసలు మాత్రం పన్నెండయ్యేసరికి మామూలుగా తల ఎత్తాయి.

నాలుగో రోజున డాక్టరుగారు నల్లకళ్ళద్దాలతో దిగారు. మడి ముందు నిలబడి చాలాసేపు చూశారు. నేను మా గుమ్మంలోంచే, "చలి ఎక్కువైంది డాక్టరుగారూ" అన్నాను.

"చలికి రెండు వరుసలు లెక్కపెట్టుకోవడం రాదు చెల్లెమ్మా. వేడినీళ్ళు పోశావా?"

అబద్ధమాడదామని నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది. రోడ్డు దాటి వెళ్ళి ఆయన స్టూలు మీద కూలబడ్డాను. ఆయన నన్ను ఊరుకోమనలేదు. పక్కన గచ్చు మీద, ఆ వయసులో, ఆపరేషన్ అయిన కంటితో, కింద కూర్చున్నారు. నా ఏడుపు దానంతటది తగ్గాక అడిగారు.

"ఇంట్లో ఎలా ఉంది?"

"లేవడం లేదు. లేపుతూనే ఉన్నాను."

ఆయన వాడిన ఆకు ఒకటి గిల్లి జేబులో వేసుకున్నారు. తరవాత ఆయన చెప్పిన మాటలు ఆయన నోటి నుంచి వచ్చినవి వచ్చినట్టే చెబుతున్నాను.

"మాకూ ఒక పాప ఉండేది. ఏడాదిన్నర పిల్ల. పోయింది. అయిదో రోజున మా ఆవిణ్ణి లేపాను. డాక్టర్ని కదా, నాకన్నీ తెలుసు. లే, స్నానం చెయ్యి, నలుగురిలో తిరుగు, మనసు మళ్ళుతుంది అన్నాను. లేచింది. వండింది. వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చింది. నవ్వింది కూడాను. నేను బాగుచేశాననుకున్నాను." కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాం చెల్లెమ్మా ఆ తరవాత. పాప పేరు నా ముందు మళ్ళీ ఒక్కసారి ఎత్తలేదు. నేను పక్కగదిలో ఉన్నప్పుడు తనలో తను అనుకునేది. నేను వస్తే ఆపేసేది. పోయేరోజున కూడా నాతో అనలేదు."

అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది నా నోటి నుంచి వచ్చింది.

"మా పిల్ల బిడ్డను చూడలేదండీ. నేనే చూడొద్దన్నాను."

ఫరవాలేదులే అంటారేమో అని ఆయన మొహం చూశాను. అనలేదు. మంచి చెయ్యబోయావు అని కూడా అనలేదు. ఆయనకి ఉత్తినే ఓదార్చడం రాదు.

"అడుగుతుంది ఎప్పుడో. అడిగిన రోజున దాచకు. నువ్వుగా ఎత్తకు."

"ఎప్పుడడుగుతుంది?"

అలవాటుకొద్దీ వాచీవైపు చూశారు. చూసి, మణికట్టు తిప్పేసుకున్నారు.

"ఆపరేషనైతే చెప్పేవాణ్ణి. ఇది నాకు తెలీదు. పక్కన కూర్చో, అంతే. నోరు మటుకు కాస్త కట్టెయ్. నీ చేతులు మంచివే, నోరే వేడినీళ్ళ బకెట్టు."

మా ఆయన బతికుండగా ఆయనవల్ల కాని పని అది. కానీ కట్టేశాను. పొద్దున్నే రమ్య గదిలోకి వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. చిక్కుడుకాయలకి ఈనెలు తీసేదాన్ని, బట్టలు మడతపెట్టేదాన్ని, ఏమీ లేకపోతే ఒత్తులు చేసేదాన్ని. మంచం పక్కన పళ్ళెం పెట్టేదాన్ని, తినమనేదాన్ని కాదు. ఊళ్ళోవాళ్ళ ఫోన్లు నేనే ఎత్తి పెట్టేసేదాన్ని. నాలుక కొసన ఎన్ని మాటలు వచ్చి నిలబడేవో దేవుడికెరుక. పది రోజులకి దుప్పటి తల మీదికి లాక్కోవడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి పళ్ళెంలోది సగం తినేది. నేను చూడనట్టుండేదాన్ని. డాక్టరుగారు రోజూ పూలు ఇస్తూ ఒకటే అడిగేవారు, "కూర్చుంటున్నావా?" అని. పిల్ల ఎలా ఉందని అడిగేవారు కాదు. "కూర్చుంటున్నానండీ" అనేదాన్ని.

ఫిబ్రవరి వచ్చింది. ఆ నెల్లో ఇక్కడ నాలుగు రోజులు ఎండ కాస్తుంది, మళ్ళీ బిగుస్తుంది. అలాంటి ఎండ రోజున ఎదురింటి మడి ఒక్కసారిగా విరబూసింది. నేను డాక్టరుగారి గుమ్మం మెట్టు మీద కూర్చుని పూజకి పూలు తీసుకుంటున్నాను. ఆయన స్టూలు మీద ఉన్నారు. మా ఇంటి తలుపు చప్పుడైంది. చూస్తే రమ్య. నా శాలువ చుట్టుకుని, జుట్టు దువ్వకుండా, రోడ్డు దాటి వస్తోంది. రెండున్నర నెలల్లో హాస్పిటల్‌కి తప్ప అది గడప దాటడం అదే. లేచి ఎదురెళ్ళబోయాను. డాక్టరుగారు చెయ్యి చిన్నగా కిందికి ఊపారు. కూర్చుండిపోయాను.

వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. "హలో అంకుల్" అంది. ఆయన తల ఊపారు. మడివైపు చూస్తూ, నావైపు తిరగకుండానే అంది.

"అమ్మా. నువ్వు చూశావు కదా వాణ్ణి."

"చూశానమ్మా."

"ముక్కు ఎవరిది?"

డాక్టరుగారు స్టూలు మీంచి లేచారు. కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి, మావైపు చూడకుండా మా వెనగ్గా మెట్లెక్కి లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసుకున్నారు. ఆయన ఇల్లు, ఆయన వాకిలి, ఆయన ఎండ. అన్నీ మాకు వదిలేశారు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కనపడేది ఆ వీపే, శాలువ అంచు ఒకవైపు జారి, కోతిటోపీ కింద తెల్లజుట్టు బయటికి వచ్చి.

"మీ నాన్నది" అన్నాను. "అచ్చంగా మీ నాన్నదే. కొస కొంచెం వంగి ఉంది. జుట్టు ఒత్తు, తడిగా ఉంగరాలు తిరిగి. ఎడమ చెవి మడత పడింది, నీకు పుట్టినప్పుడు పడ్డట్టే. గోళ్ళు పెరిగి ఉన్నాయి. మూతి ఇలా ముడుచుకుని ఉన్నాడు, ఎవరిమీదో అలిగినట్టు. చూడొద్దని నేనన్నాను తల్లీ. తప్పు చేశాను."

అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. బిడ్డ పోయాక మొదటిసారి. నేను ఊరుకోమనలేదు. ఏడుస్తూనే, "ఇంకా చెప్పు" అంది. కాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పాను. వేళ్ళు ఎంత పొడుగో నా వేలి మీద కొలిచి చూపించాను. వాడికి ఏం పేరు పెట్టాలనుకుందో అప్పుడు నాకు చెప్పింది. ఆ పేరు ఇప్పటికీ మా ఇంట్లో వినపడుతుంది. అల్లుడు అంటాడు, నేనూ అంటాను, తరవాత పుట్టిన పిల్లదీ అంటుంది.

ఇంతసేపూ కూర్చుని విన్నారు. మీ ఇంట పిల్లాపాపా నిండుగా ఉండాలి, పెట్టిన పేర్లన్నీ నోరారా పిలుచుకునేలా ఉండాలి. మీ బిడ్డలు మనసులో మాట మీ దగ్గర దాచుకోవాల్సిన రోజు మీకు రాకూడదు. పచ్చగా ఉండండి.